ఫోర్‌మన్ మీద రాని కోపం

రత్నం,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఇవాళ నేను మధురవాడలో కోపం తగ్గించే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. నవ్వకు.

పోయిన నెల మన మనవరాలు అన్నం పారబోసిందని స్టీలు కంచం విసిరాను. దాని నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. "నువ్వు డాక్టరుకి సూపించుకునే దాకా పిల్లని నీకాడికి పంపను నాన్నా" అని అమ్మాయి దాన్ని తీసుకుపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. "ఏటమ్మా, నీకు పాలపళ్లు ఊడినాయా?" అన్నాను. నవ్వేసి, "తాతగారూ, స్టీల్‌ప్లాంట్‌లో ఇన్నేళ్లు చేశారు కదా. ఫోర్‌మన్ మీద ఎప్పుడైనా చెయ్యెత్తారా?" అని అడిగింది.

"బలేదానివే తల్లీ! ఉజ్జోగం ఊడిపోదేటి?"

"అయితే కోపం ఆపుకోవడం మీకు వచ్చన్నమాటేగా అండీ."

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. షిఫ్టు దిగి వస్తున్న నా స్కూటర్ చప్పుడు వినగానే నువ్వు పిల్లల్ని పక్క క్వార్టర్‌కి పంపేసి, ఒక్కదానివే తలుపు తీసేదానివి. ఆ సంగతి ఆమెకి చెప్పాను. "అప్పుడు ఆవిడ ఏమనేవారు?" అంది. ఏమీ అనేదానివి కాదు కదా, అన్నం పెట్టేదానివి.

ప్రతి గురువారం రమ్మంది. వెళ్తాను. ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. చివరిదాకా వింది. తర్వాత, "ఆదివారం పిల్లని తెమ్మంతావా నాన్నా?" అంది.

"ఇప్పుడే తేకమ్మా," అన్నాను. "నామీద నాకే ఇంకా నమ్మకం లేదు."