పై సొరుగు

బుధవారం, ఆగస్టు 14
మధ్యాహ్నం రెండున్నర

చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీరూ బాగున్నారని మొన్న బజారులో కనిపించినప్పుడు మరిదిగారు చెప్పారు. పద్నాలుగేళ్ల తర్వాత ఉత్తరం ఏమిటా అని కంగారు పడకు.

ముందు మంచి కబురు. నువ్వు ముద్దుగా పిచ్చుకా అని పిలిచే మా అమ్మాయికి బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మొదటి పాఠం వస్తువుల నిలకడ గురించి. నాలుగు రోజులుగా వంటింటి బల్ల దగ్గర నాకే చెబుతోంది. నేను కూరలు తరుగుతూ వింటున్నాను. ఏ వస్తువుకైనా బరువంతా ఒకే చోట పోగైనట్టు లెక్కట, ఆ చోటు పేరు గరిమనాభి. అది పీఠానికి పైన ఉన్నంతసేపు వస్తువు నిలబడుతుంది, పీఠం అంచు దాటిందా, పడిపోతుంది. గిన్నెలో గోళీని కదిపినా మళ్లీ అడుక్కే చేరుతుంది. బోర్లించిన గిన్నె మీద పెడితే ఊపిరి తగిలినా జారిపోతుంది. మరి మీ నాన్న ఏ రకం అనడిగాను. "బల్ల మీద గోళీ అమ్మా. ఎటు తోస్తే అక్కడే ఉండిపోతారు" అంది. ఆయన పేపరు చాటున విననట్టే ఉన్నారు.

నిన్న మూడు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి అంటించి సొరుగుల బీరువా చేసింది. అన్నిటికంటే కింది పెట్టెలో చిన్న మేకులు నింపి పై సొరుగు లాగితే బీరువా కదల్లేదు. అవే మేకులు పై పెట్టెలోకి మార్చి లాగింది. ముందుకు బోర్లా పడింది.

చెదిరిన మేకులు నేనే ఏరాను.

నువ్వు మరిచిపోయి ఉండవు. ఆ రోజు మా ఇంట్లో పిచ్చుకకి స్వెట్టరు తీయబోయి నువ్వు పై సొరుగు లాగావు, బీరువా వచ్చి దాని పాదం మీద పడింది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. "ఏం దూకుడే నీది, ఒక్క పనైనా నెమ్మదిగా చేయలేవా" అని అందరి ముందూ నీ మీద అరిచాను. నువ్వు మారుమాట లేకుండా సంచి సర్దుకున్నావు. మళ్లీ మా గడప తొక్కలేదు. బీరువా బాగుచేయడానికొచ్చిన వడ్రంగి మాత్రం, లాగినావిడ తప్పేం లేదమ్మా, దీనికే తలబరువు ఎక్కువైంది అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

పిన్ని లాగినప్పుడు పై సొరుగులో ఏముందమ్మా అని పిచ్చుక అడిగింది. గుర్తులేదన్నాను. "నీకా! ఉప్పు డబ్బా జరిగినా పుస్తకంలో ఎక్కిస్తావుగా" అంది, అచ్చం నువ్వు వెక్కిరించినట్టే. ఏ వస్తువు ఎక్కడుందో రాసుకునే నా పుస్తకాల్లో ఆ ఏడాదిది తీసి చూశాం. ఆ వారం పేజీ లేదు. ఎప్పుడో చిరిగిపోయినట్టుంది.

బహుశా తప్పంతా నీదే కాకపోవచ్చు. ఎవరింటికెళ్లినా నువ్వు బీరువా ముట్టుకోవనీ, చంటిపిల్లల్ని ఎత్తుకోవనీ మరిదిగారు చెప్పారు. మీరొక్క మాట రాయండి వదినగారూ అన్నారు. రాశాను. ఆదివారం రా. పిచ్చుక నీకూ పాఠం చెబుతుందట.

నీ కోసం చూస్తూ,
అక్క

తా.క. కవరు అంటించినదాన్ని మళ్లీ విప్పాను. ఆ పేజీ చిరిగిపోలేదు. బీరువా పడిన సాయంత్రమే నేను చించాను. ఇన్నేళ్లూ బియ్యం డబ్బా కింద పరిచిన కాగితం అడుగున ఉంది. అదెక్కడుందో మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఇందులో పెడుతున్నాను, చదువు: "ఇస్త్రీపెట్టె, మేకుల డబ్బా, తూకపు రాళ్లు. కింది సొరుగులోంచి పై సొరుగులోకి. కారణం: నడుం నొప్పి, వంగలేకపోతున్నాను." తేదీ నువ్వు సొరుగు లాగడానికి ముందురోజుది. నేను పద్ధతి మనిషిని, నువ్వు దూకుడు మనిషివి. అందుకే నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పైన "బహుశా" అన్న మాట కొట్టేయి.

పిచ్చుకకి ఇంకా తెలియదు. నువ్వు వచ్చినా రాకపోయినా ఆదివారం చెబుతాను. వస్తే మాత్రం ఆ పేజీ వెంట తీసుకురా. పుస్తకంలో దాని చోటు ఖాళీగా ఉంది.