టేపు అక్కర్లేని చెయ్యి

మార్చి 9, సోమవారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మీ బావా నేనూ క్షేమం. నువ్వు క్షేమంగా ఉన్నావని నిన్న టీవీలో గంటసేపు చూశాం కాబట్టి అడగడం లేదు.

మగవాళ్ల దుస్తుల డిజైనర్‌గా నీ ప్రయాణం అంటూ తీసిన ఆ డాక్యుమెంటరీ గురించే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే నీ సెక్రటరీ ఎత్తి, సార్ మీటింగ్‌లో ఉన్నారంటుంది. ఉత్తరమైతే కనీసం నువ్వే విప్పుతావు.

టీవీ వాళ్లు మా ఇంటికి రెండు రోజులు వచ్చారు. ముప్పై ఏళ్లుగా నేను నిలబడి బట్ట కత్తిరించే బల్లను గోడకు జరిపేసి, నన్ను కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టారు. నాది కటింగ్, కుట్టేది వేరే వాళ్లని చెబితే, మిషన్ ఉంటే చూడ్డానికి బాగుంటుందమ్మా అన్నాడు కెమెరా అతను. సరేలే అని ఉత్తి మిషన్ తొక్కాను. తీరా చూస్తే నా చేతులు నాలుగు క్షణాలు కనిపించాయి, మొహం లేదు. కింద 'కుటుంబ సభ్యురాలు' అని వేశారు. మీ బావ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయారు. నాకు నవ్వు రాలేదు.

పోనీ, నా మొహం ఎవరిక్కావాలి. నువ్వు కుర్చీలో వెనక్కి వాలి, నా చేతికి టేపు అక్కర్లేదు, చూపు చాలు అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఆ మాట నాన్న టైలరింగ్ కొట్లో అని ఉంటే తెలిసేది. ఒకరు కత్తిరించింది ఇంకొకరు కొలవందే ముక్క మిషన్ ఎక్కకూడదన్నది ఆయన నియమం. అరంగుళం తేడా వస్తే నువ్వు కొట్టు దద్దరిల్లేలా నా మీద అరిచేవాడివి. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ అరుపులే కావాలనిపిస్తోంది. ఈనాటికీ ప్రతి ఫ్యాషన్ షోకీ నువ్వు గీసి పంపిన బొమ్మ చూసి మొదటి కోటు కత్తిరించేది నేనే, మిగతావన్నీ దాన్నిబట్టే చేస్తారు. ముక్కలు కొరియర్‌లో వెళ్తాయి, 'అందింది' అని మెసేజ్ వస్తుంది. అంతే.

వచ్చే షోకి బట్ట మొన్న దిగింది. విప్పలేదు, విప్పను. షో ఆగిపోతుందని సెక్రటరీ చేత చెప్పించకు. నువ్వే రా. టేపు తెచ్చుకో. నీది ఎక్కడుందో తెలియకపోతే నాన్నది నా దగ్గరుంది.

కోపంలో రాస్తున్నానని మీ బావ అంటున్నారు. నిజమే.

ఇట్లు,
మీ అక్క

తా.క.: కిందటి షో కోట్లకు పక్క కుట్టు నడుము దగ్గర ముందుకు జారినట్టుంటుందే, దాన్ని టీవీలో నీ డిజైన్ల గురించి మాట్లాడిన పెద్దాయన నీ పనంతటిలోకీ ధైర్యమైన గీత అన్నాడు. నువ్వూ తలూపావు. నువ్వు పంపిన బొమ్మలో ఆ గీత తిన్నగానే ఉంది. ఏడాదిగా నా కుడి కన్ను సరిగ్గా కనపడడం లేదు తమ్ముడూ. సుద్ద గీత రెండుగా కనిపిస్తే, ఏదో ఒకటి అనుకుని కత్తిరించాను. ఎలాగూ నువ్వు కొలుస్తావు కదా అనుకున్నాను.