కోట్స్ మధ్య మాట

2008 సెప్టెంబర్ 2

ఉద్యోగం భలే నచ్చింది. ముంచింగిపుట్టు చుట్టుపక్కల జ్వరాలతో పోయినవాళ్ల గురించి ఇంటివాళ్లు చెప్పిన క్యాసెట్లు విని, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం నా పని. మా సంస్థవాళ్లు దాన్ని రిపోర్టుగా వేస్తారట. కంప్యూటర్‌లో టైపు చేసే ఎడిటర్ పేరు వి.ఐ. మౌస్‌తో పనే లేదు. సి, ఐ, కోట్ మార్క్ వరసగా నొక్కితే కోట్స్ మధ్య ఉన్నదంతా పోతుంది, కర్సర్ అక్కడే నిలబడుతుంది. కొత్త మాట కొట్టుకోవడమే. నాన్న కొట్లో పొట్లాలు కట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం.

సెప్టెంబర్ 9, మధ్యాహ్నం

పోయినవాళ్ల మాటలు సాగిపోతున్నాయట, ఒక్క లైనుకి కుదించమని మా ఆఫీసు రమణమూర్తి సార్ అన్నారు. చిన్నమ్మలు అనే ఆమె కూతురిదే అన్నిటికన్నా పొడుగు. సంతకి బయల్దేరిన తల్లితో మంచం మీంచి ఏవేవో చెప్పింది. తల్లి తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. సి, ఐ, కోట్. "అమ్మా, బేగి వచ్చీ" అని, త్వరగా రమ్మన్నట్టు పెట్టాను. సార్ చాలా బాగుందన్నారు. పొంగిపోయాను.

సెప్టెంబర్ 13

సంత. చిన్నమ్మలు విస్తర్లు కుట్టే అడ్డాకులు అమ్ముకుని నేరుగా ఆఫీసుకే వచ్చింది. కూతురి మాట చదవమంది. చదివాను. మిగతాది కూడా చదవమంది. అంతే ఉందన్నాను. "ఇంకా శానా సెప్పింది పాపా. నాను మరిసిపోతానని కదా నీ మిషన్‌లో ఎట్టినాను" అంది. కోపం లేదు. తిట్టినా బాగుండేది.

ఆమె వెళ్లాక ఎస్కేప్ కొట్టి, చెరిపింది వెనక్కి తెచ్చే యు నొక్కాను. ఫైలు ఒకసారి మూశాక పాతది వెనక్కి రాదు. క్యాసెట్ పెట్టాను. కొత్తవి కొనరు కదా, మేం పాతదాని మీదే రికార్డు చేస్తాం. ఎవరో వేరే ఊరి ముసలాయన దగ్గుతున్నాడు.

సెప్టెంబర్ 14

ఆ పిల్ల కోడిపెట్ట గురించి ఏదో అంది. ఇంకేం గుర్తు రావడం లేదు. విన్నది నేనే, కొట్టింది నేనే. ఛీ.

సెప్టెంబర్ 27

తీసేసింది నేనేనని చిన్నమ్మలుకి చెప్పేశాను. గుర్తున్నంత చెబితే మళ్లీ రాస్తానన్నాను. వేళ్లు మడుస్తూ గుర్తు తెచ్చుకోబోయింది. కోడిపెట్ట గురించి కదా అని అందించాను. ఏమో అంది. చివరికి నన్నే ఓదార్చింది. "పోనీలే పాపా, సదువుకున్నదానివి. బేగి రమ్మనే అనుంటాది." మళ్లీ చదవమంది. నేను చదువుతుంటే పెదాలు కదిపింది. ఇంకోసారి చదవమంది. నేర్చుకుంటోందని అప్పటికి అర్థమైంది. ఆపలేకపోయాను.

అక్టోబర్ 4

ఆఫీసు బయట చిన్నమ్మలు. కూతురు పోయేముందు ఏమందో ఎవరికో చెబుతోంది. నేను రాసిన వాక్యానికి ఏడుస్తోంది.