కాల్వ బాటకు సోలార్ దీపాలు

జూన్ 29, సోమవారం

పూజ ముగించుకొని తొలి బస్సుకే వనపర్తి. ఆఫీసులో విషయం చెప్పారు. జిల్లాకంతటికీ ఒకే టెండరు, ఒకే ధర. ఆ ధరకే ఏ పంచాయతీ అయినా సోలార్ దీపాలు కొనుక్కోవచ్చు — విడిగా టెండరు పిలవనక్కర్లేదు. మూడు ఊళ్లు కలిసి ఆర్డరిస్తే రిపేరు మనిషి అయిదేళ్లు మన పక్కనే, పెబ్బేరులోనే ఉంటాడట.

సర్పంచునయ్యాక మొదటిసారి తేలిక మనసుతో బస్సెక్కాను.

కాల్వ బాట… హైవే మీద ఆటో దిగి ఆడవాళ్లంతా ఊరిదాకా చీకట్లో నడిచే బాట. పోయిన వానల్లో సాయమ్మను పాము కరిచింది అక్కడే. బతికింది. కాలు ఇంకా ఈడుస్తుంది.

ఈ ఒక్క పని చేయించు తల్లీ.

జూలై 2

తమ్ముడు వచ్చాడు. కొత్తకోటలో వాడిది లైట్ల దుకాణం. ఎన్నికలప్పుడు నా కోసం గడప గడపా తిరిగినవాడు.

"సొంత తమ్ముని దుకాణం ఉండంగ ఎవల్తోనో కొంటవా అక్కా?"

"పాడైతే ఎవరు జూస్తరు రా?"

"నేను లేనా?"

నిరుడు బడికి వాడు పెట్టి, పాడయ్యాక మళ్లీ చూడని లైటు సంగతి నేను ఎత్తలేదు. వాడికే గుర్తొచ్చినట్టుంది. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

జూలై 9

పక్క ఊళ్ల సర్పంచులిద్దరూ వచ్చారు. బాలమణి సరేనన్నది. చంద్రయ్యకే అనుమానం.

"వానకాలం మబ్బులకు అది యాడ వెలుగుతది సర్పంచమ్మా? నా ఫోనే చార్జింగ్ ఎక్కుతలేదు."

"నీ మనుమడు ఇడిస్తె గద అది ఎక్కేది" — బాలమణి.

చివరికి ఒప్పందం. కంపెనీవాళ్లు నమూనాకు ఒక దీపం పెడతారు. వెలిగితే ముగ్గురం సంతకం. చంద్రయ్య తప్పుకుంటే మూడు ఊళ్లు కావు. రిపేరు మనిషి లేడు. మళ్లీ మొదటికే.

జూలై 17, శుక్రవారం

నమూనా దీపం వచ్చింది. కాల్వ మలుపులో స్తంభం. పైకెత్తకముందే కొబ్బరికాయ కొట్టాను. కొత్త ట్రాక్టరుకైనా, కుట్టుమిషనుకైనా చేసేదే కదా. సోలార్ పలకకు నా చేత్తోనే పసుపు పూశాను, గడపకు పూసినట్టు నిండుగా. కుంకుమ బొట్లు. బంతిపూల దండ.

బిగించే మనిషి "అమ్మా, జర ఆగుండ్రి…" అనబోయాడు.

"దేవుని పనికి అడ్డం రాకు నాయనా" — బాలమణి.

రేపు పగలంతా చార్జింగ్ ఎక్కి సాయంత్రం వెలుగుతుందని చెప్పి వెళ్లాడు.

జూలై 18

చీకటి పడింది. ఊరంతా కాల్వ మలుపులో. వెలగలేదు.

తమ్ముడూ వచ్చాడు. బండి దిగకుండానే — "ఏదక్కా, యాడ వొయిండు నీ సూర్యుడు?"

అందరూ నవ్వారు. చంద్రయ్య నవ్వలేదు. "నేను జెప్పలేదా మబ్బులని. మంగళారం దాంక జూస్త. ఆయెనక నన్ను అడగొద్దు."

ఇంటికొచ్చి దేవుడి దీపం ముందు కూర్చున్నాను.

జూలై 19

పొద్దున గడపకు పసుపు పూస్తున్నాను. ఒక చెయ్యి తిప్పానో లేదో, చెక్క కనబడకుండా పోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చెక్కే కనబడకపోతే… ఎండ పలకలోకి దిగేదెట్లా!

నిచ్చెన, తడి గుడ్డ. సాయమ్మ కింద పట్టుకున్నది. నేనే ఎక్కాను. ఎండిన పసుపు ఒక పట్టాన వదల్లేదు.

"లచ్చిందేవికి తానం పోస్తున్నవా అక్కా?"

"పోస్తున్న. నువ్వు నవ్వకు, నిచ్చెన ఊగుతుంది."

దండ తీసి స్తంభానికి చుట్టాను. పసుపూ కుంకుమా కిందనే పెట్టాను. అమ్మవారు ఏమీ అనుకోదు.

రోజంతా ముసురే. సాయంత్రం…

వెలిగింది! తెల్లగా, కాల్వ నీళ్ల దాకా.

జూలై 21, మంగళవారం

సంతకాలు. మూడు ఊళ్లవీ.

చంద్రయ్య చివరన పెట్టాడు. పెన్ను మూసి మెల్లగా — "పసుపు ముచ్చట నేను ఎవ్వలకు జెప్ప. మా ఊర్ల మాత్రం స్తంభానికే బొట్టు."

బాలమణి అప్పటికే ఊరంతా చెప్పిందని ఆయనకు తెలియదు.

ఆగస్టు 4

తమ్ముడు ఫోను ఎత్తడం లేదు.

ఆగస్టు 21, శ్రావణ శుక్రవారం

హైవే నుంచి ఊరిదాకా దీపాలు. ఒక్కటీ మొరాయించలేదు.

కలుపుకు వెళ్లిన ఆడవాళ్లు ఆటో దిగి నిలబడిపోయారు. తర్వాత నడిచారు… చేతులూపుకుంటూ, వెడల్పుగా, బాటంతా తమదే అన్నట్టు. సాయమ్మ అందరికంటే ముందు. కాలు ఈడుస్తూనే.

"అక్కా, నా నీడ జూడు, నాకంటె పొడుగుంది!"

ఇంతకంటే ఏం కావాలి తల్లీ. పొద్దున పరమాన్నం వండి పంచాలి.

ఆగస్టు 27

రేపు రాఖీ. ఏటా కొత్తకోటకు నేనే పోతాను. మరదలు ఫోను చేసింది. "రేపొస్తున్నరా వదినా? ఆయన అవునంటలేడు, కాదంటలేడు."

రాఖీ కొని దేవుడి ముందు పెట్టాను.

సందె వేళ. గుమ్మంలో కూర్చున్నాను. ఇంతకుముందు వాకిట్లోకి వస్తేగాని మనిషెవరో తెలిసేది కాదు. ఇప్పుడు కాల్వ మలుపులోనే తెలిసిపోతున్నది.

బండి ఆగింది అక్కడ. వాడే. బండి లైటు ఆర్పి, దిగి, తలెత్తి దీపాన్ని చూస్తున్నాడు.

చాయ్ పెట్టాను. మరిగింది.

ఇంకా ఆ వెలుగులోనే నిలబడి ఉన్నాడు…