కుర్చీ అల్లిక జడ

అమ్మా, నేనూ నా పిడుగూ కులాసా, బెంగ పెట్టుకోకు.

"జడ వెయ్యడం కూడా రాని మగాడివి, తల్లిలేని ఆడపిల్లనెలా పెంచుతావురా? వచ్చి తీసుకుపోతా" అని రాశావు కదా. ఒప్పుకుంటాను, నేను వేసిన జడ బడి చేరేలోపే ఊడిపోయేది. పోయిన సోమవారం నాకు చిర్రెత్తి, పేము కుర్చీలకు వేసే నాలుగు పాయల అల్లికనే దాని జుట్టుకు బిగించేశాను! సాయంత్రం దాకా వెంట్రుక కదిలితే ఒట్టు! "ఎవరు వేశారే?" అని టీచరమ్మ అడిగితే, "మా నాన్న! కుర్చీలల్లుతాడు" అందట గొప్పగా. ఇంకేముంది, నిన్న ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలో ఏడుగురు ఆడపిల్లలు, తలా ఒక దువ్వెనతో! కొత్తగా అల్లిన కుర్చీలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అందరికీ వేశాను.

అన్నట్టు, నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి కారడం ఆగిందా?

నువ్వు తప్పక రా, నీ పెద్ద పళ్ల దువ్వెన కూడా తీసుకురా. పిల్లని తీసుకుపోవడానికి మాత్రం కాదు. అల్లిక తనూ నేర్చేసుకుంది, మొదటి జడ నానమ్మకేనట. "నానమ్మ నెత్తిన నాలుగు వెంట్రుకలే మిగిలాయే" అన్నాను.

"నాలుగు చాలు నాన్నా, మనకి కావలసింది నాలుగు పాయలేగా!" అంది.

నీ కాళ్లకు దణ్ణాలతో,
నీ కొడుకు