పితరులు గిట్ల అంటున్నరు

మంగళవారం, కోరుట్ల

పొద్దున ఎప్పటిలెక్కనే సువార్త భాగం చర్చి గ్రూపుల పెట్టిన. దాని మీద తొలినాటి సంఘ బోధకులు చెప్పింది చదివి, 'పితరులు గిట్ల అంటున్నరు' అని వాయిస్ పెట్టిన.

మాపటికి మేడిపల్లి నుంచి మేనత్త ఫోన్ చేసింది. "బిడ్డా, నీ వాయిస్ ఇన్న. చర్చిల కలిసినంక పెత్తరమాసకు పెద్దలకు బియ్యం ఇచ్చుడు బంద్ జేసినం గదా, సచ్చిపోయిన నాయిన కోపంల ఉన్నడనుకున్న. గింత సల్లగ మాట్లాడుతున్నడా?" అన్నది.

గా పితరులు వేరే, ఎన్నో వందల ఏండ్ల కిందటోళ్లని చెప్పబోయిన. గని, "తాతకు కోపమేం లేదత్తా" అన్న.

గిప్పుడు రేపటి భాగం మీద ఆ బోధకులల్ల ఒకాయన చెప్పింది చదువుతుంటే, ఎక్కడో సముద్రం అవతలి ముసలాయన మా తాత లెక్కనే దగ్గుకుంట, ఆగుకుంట చెప్తున్నట్టున్నది.

రేపు 'బోధకులు' అని పెడితే తప్పు పోతది. గని అత్తతోని వాళ్ల నాయిన మళ్ల మాట్లాడడు.