పెట్టె అడిగిన తల్లి పేరు

నల్లబండలపల్లె,
తేది 17-7-2008, బేస్తవారం.

కంప్యూటర్ సేవా కేంద్రాల పర్యవేక్షణ అధికారి గారి సముఖమునకు,
కడప.

నల్లబండలపల్లె వాస్తవ్యురాలు, బొజ్జన్న భార్య అలివేలమ్మ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మా మండల కేంద్రములోని కంప్యూటరుకు కొత్త సాఫ్టువేరు వేసినందువలన నా కొడుకు మెయిలు పెట్టె తెరుచుకొనకపోవుట – పాత సాఫ్టువేరు తిరిగి వేయించుట – మరియు వాని తల్లిని నేనేనని కంప్యూటరుకు తెలియజేయుట గురించి.

అయ్యా,

నేను అయిదో తరగతి వరకు చదివినదానను. నా కొడుకు ఫకీరప్ప మా ఊరివాళ్ళకు బోరు కరెంటు కోసం రాసి ఇచ్చిన అర్జీ నకలు ఒకటి ఇంట్లో ఉన్నది. దాన్ని ముందర పెట్టుకొని ఇది రాస్తున్నాను. వాడు బోరు అని రాసిన చోటల్లా కంప్యూటరు అని పెట్టుకుంటూ పోతున్నాను. ఇందులో మంచి మాటలుంటే వాడివి, తప్పులుంటే నావి.

1. సదరు ఫకీరప్ప తమ కేంద్రంలో మూడు సంవత్సరాలు ఆపరేటరుగా పని చేసినాడు. పోయిన కార్తీకమాసంలో మైదుకూరు రోడ్డు మీద మోటారు సైకిలు మీద వస్తూ ఉండగా బండల లారీ తగిలి చనిపోయినాడు. వయస్సు ఇరవై నాలుగు. వాని సెల్ ఫోను కూడా అక్కడే నుజ్జునుజ్జు అయినది.

2. వాని స్థానంలో శ్రీవాణి అనే పిల్లను వేసినారు. దినాలు అయినాక వాని టిఫిను గిన్నె, గోడకు తగిలించిన చొక్కా తెచ్చుకోవడానికి నేను కేంద్రానికి పోయినాను. అప్పుడు ఆ పిల్ల "పెద్దమ్మా, మీ వాడి మెయిలు ఈడ్నే ఉండాది, చూస్తావా?" అని అడిగింది. పేరులో మొదటి అక్షరం కొట్టింది. అంతే, మిగిలిన పేరు దానంతట అదే వచ్చింది. దాని కింద ఎనిమిది నల్ల చుక్కలు వచ్చి వరసగా కూర్చున్నాయి.

"ఆ సుక్కలేంది పాపా?"

"మీ వాడి రహస్యం మాట పెద్దమ్మా. నాక్కూడా కనపడదు. కంప్యూటరే గుర్తు పెట్టుకోనుండాది."

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు కడుపు మండింది. కన్నదాన్ని నేనుంటే, నాకు చెప్పని మాట ఈ పెట్టెకు చెప్పినాడే అని. కానీ ఆ పెట్టే నాకు తెరిచి చూపింది కాబట్టి నోరు మూసుకున్నాను.

3. అందులో వాడు ఉద్యోగాలకు పెట్టుకున్న దరఖాస్తులు, పన్నెండు ఫోటోలు, ఒక గొంతు ఉన్నాయి. కొత్త ఫోనులో గొంతు పడుతుందో లేదో అని మా ఇంట్లోనే పట్టి, తన మెయిలుకు తానే పంపుకున్నాడు. మొదట నా అరుపు వినిపిస్తుంది. "ఒరే ఫకీరా, సంగటి సల్లారిపోతాండాది, రారా." తర్వాత వాడు పలుకుతాడు. అంతా కలిపి ఇరవై సెకండ్లు అని శ్రీవాణి చెప్పింది. దాంట్లో వాడు అన్న మాట ఒకటి ఉన్నది. ఆ సంగతి ఏడో నంబరులో మనవి చేసుకుంటాను. ప్రతి బేస్తవారం తొమ్మిది గంటల బస్సుకు పోయి, ఆ ఇరవై సెకండ్లు మూడుసార్లు విని, పదకొండు గంటల బస్సుకు వచ్చి వంట చేసుకునేదాన్ని. ఏడు నెలలు ఈ విధముగా జరిగినది.

4. జూన్ 30వ తేదీన తమ ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు జీపులో వచ్చి కేంద్రంలోని కంప్యూటర్లకు కొత్త సాఫ్టువేరు వేసి పోయినారు. జూలై 3న నేను పోతే శ్రీవాణి మొదటి అక్షరం కొట్టింది. ఏమీ రాలేదు. పేరంతా కొట్టింది. కింద చుక్కలు రాలేదు. ఖాళీ. కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉన్నది.

ఆ పిల్ల చేత జీపులో వచ్చినవాళ్ళకు ఫోను చేయించి నేనే మాట్లాడినాను.

"ఏమప్పా, నా కొడుకు పేరు యాడ పెడితిరి?"

"పాతవన్నీ తీసేసినాము మా. ఇది కొత్తది, శానా ఫాస్టు."

"ఫాస్టు నాకెందుకప్పా? నాకు తొందరేమీ లేదు. వాడిని గుర్తుంటే సాలు."

ఫోను పెట్టేసినాడు.

5. ఇంకొక సంగతి. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని రాస్తాను. ఫకీరప్ప పేరు వచ్చే చోట ఇప్పుడు శ్రీవాణి పేరు దానంతట అదే వస్తున్నది. ఆ పిల్ల తప్పు కాదు. తన మెయిలు తెరిచినప్పుడు కంప్యూటరు "గుర్తు పెట్టుకోనా?" అని అడిగిందట, ఊ కొట్టిందట. ఎవరైనా ఊ కొడతారు. కానీ ఆ పిల్ల తల్లికి సాయంత్రమైతే బిడ్డ ఇంటికి వస్తుంది. కళ్ళ ముందర తిరుగుతుంది. బిడ్డ ఉన్నవాళ్ళ పేరే ఈ కంప్యూటరుకు కూడా గుర్తు ఉండాలా? లేనివాని పేరు ఒక్కటి గుర్తు పెట్టుకుంటే దానికి ఏమి బరువు? ఆ పొద్దు ఆ పిల్ల ఇచ్చిన టీ తాగకుండా వచ్చేసినాను.

6. రహస్యం మాట మరిచిపోయినవాళ్ళకు ఇంకొక దారి ఉన్నదని శ్రీవాణి చెప్పింది. ఎప్పుడో పెట్టె పెట్టుకున్న నాడు వాడు ఒక ప్రశ్నకు జవాబు రాసి ఉంటాడట. ఆ జవాబు చెప్తే తెరుచుకుంటుందట. ప్రశ్న వచ్చింది. మీ తల్లి పేరు ఏమి?

నేను నవ్వినాను అయ్యా. వాడు పోయినాక మొదటిసారి నవ్వినాను. "కొట్టు పాపా, అలివేలమ్మ" అన్నాను. తప్పు అన్నది. అలివేలు అని కొట్టించినాను. తప్పు అన్నది. పుట్టింట్లో నన్ను పిలిచే పేరు అచ్చమ్మ. అదీ తప్పు అన్నది. మూడు తప్పులైతే ఆ పొద్దుకు మూసుకుంటుంది. జూలై 10న పోయి మా అత్త పేరు, మా అమ్మ పేరు, ఇంటి పేరుతో కలిపి నా పేరు కొట్టించినాను. తప్పు. మా రేషను కార్డు కంప్యూటరు ముందర పెట్టి చూపించినాను. శ్రీవాణి నవ్వలేదు. ఆ పిల్ల మంచిది.

"పెద్దమ్మా, అమ్మా అని పిలిచేవాళ్ళు మీ వాడికి ఇంకెవురైనా ఉండారా?" అని అడిగింది.

లేరు అని చెప్పినాను. అది అబద్ధము.

7. మాకు మొదట పుట్టిన ఇద్దరు మగపిల్లలు నెల తిరగకుండానే పోయినారు. మూడోవాడు కడుపులో ఉండగా పీర్ల చావిడిలో మొక్కుకున్నాము. అందుకే వాడు ఫకీరప్ప. పుట్టిన మూడో దినం మా అత్త వాడిని తీసుకుని వీధి గడప దాటించి, ఎదురింటి దూదేకుల ఇస్మాయిల్ భార్య పీరమ్మకు అమ్మేసింది. పీరమ్మకు పుట్టిన ముగ్గురూ బతికినారు, ఆమె చెయ్యి మంచిది అని. ఆమె చాటెడు తవుడు పోసి కొనుక్కున్నది. తన కొంగులో చుట్టి, "వీడు నా కొడుకు. నువ్వు సాకి పెట్టు అలివేలూ" అని తిరిగి నా చేతికి ఇచ్చింది. మా పక్క బిడ్డలు దక్కనివాళ్ళు ఇట్లా చేస్తారు. చావు వచ్చి అడిగితే ఈ ఇంట్లో బిడ్డ లేడు, ఎదురింటి బిడ్డ అని చెప్పడానికి.

మా అత్త ఒక కట్టడి పెట్టింది. వాడు పీరమ్మనే అమ్మా అని పిలవాలి. నన్ను అక్కా అనాలి. కట్టడి తప్పితే బిడ్డ దక్కడు. ఇరవై నాలుగు సంవత్సరాలు వాడు నన్ను అక్కా అనే పిలిచినాడు. జ్వరం వచ్చి కలవరించినా అక్కా అనే కలవరించినాడు. ఎదురింటి గడపలో నిలబడి "అమ్మా, సేమ్యా పాయసం అయిందా?" అని వాడు అరిచినప్పుడల్లా నేను లోపల గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. మొదటి జీతంతో ఇద్దరికీ చీరలు తెచ్చినాడు. ఒకటే అంగడి, ఒకటే రకం. నేను ఆమె చీర అడిగి తెచ్చి పక్కపక్కన పరిచి చూసినాను. ఆమె చీర అంచు జానెడు ఉన్నది. నాది జానెడు లేదు. వాడు పోయిన నాడు ఆమె వాని కాళ్ళు పట్టుకొని ఏడ్చింది. ఊళ్ళోవాళ్ళు నన్నొకసారి ఆమెనొకసారి ఓదార్చినారు. ముగ్గురు బతికి ఉన్న తల్లికి, నా ఒక్కడి ఏడుపులో కూడా సగం పోయింది.

ఇప్పుడు గొంతు సంగతి. దాంట్లో వాడు అన్న మాట ఇది: "ఉండమ్మా, వస్తాండానంటి కదా!" ఫోను చూసుకుంటూ, విసుగులో, ఒళ్ళు మరిచి అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆ పొద్దు నాకు వినపడలేదు. ఏడు నెలల కింద శ్రీవాణి పెడితే విన్నాను. పుట్టినప్పటి నుంచి వాడు నన్ను అమ్మా అన్నది అదొక్కటే. అన్న నెలకే పోయినాడు. ఈ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. పీరమ్మకు అసలే చెప్పలేదు. "నాకు అమ్మిన బిడ్డను నువ్వు లోపల్లోపల వెనక్కు లాక్కుంటివి, అందుకే వాడు పాయ" అంటుందని నా భయం.

8. పెట్టె నెల దినాలు తెరవకపోతే లోపల ఉన్నవన్నీ ఆ మెయిలు వాళ్ళు తుడిచేస్తారట. ఆఖరున తెరిచినది జూన్ 26. గడువు ఈ నెల 26. ఈ పొద్దు కూడా మూడు పేర్లు కొట్టించినాను. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను.

కావున తమరు దయతో
(అ) పాత సాఫ్టువేరును 26వ తేదీ లోపల తిరిగి వేయించవలెను.
(ఆ) వీలు కాని పక్షమున, ఫకీరప్ప తల్లి పేరు అలివేలమ్మ అని తమ ముద్రతో కంప్యూటరుకు ఒక ఉత్తరువు ఇవ్వవలెను.
(ఇ) పీరమ్మ పేరు కొట్టి చూడమని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. అది కొడితే తెరుచుకుంటుందని నాకు తెలుసు. తెరుచుకుంటే పుట్టించిన దేవుడు, చంపిన లారీ, ఈ కంప్యూటరు అందరూ ఒక్కటై నేను తల్లిని కాదని తీర్పు చెప్పినట్టు. నేను తట్టుకోలేను.

ఇది ఒక ఆడమనిషి కుళ్ళుమోతుతనమని పక్కన పడేయకుండా, తమ ఇంట్లో తల్లిని ఒకసారి తలుచుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బొ. అలివేలమ్మ (వ్రాలు)

జతపరచినది: రేషను కార్డు నకలు ఒకటి. అందులో నాలుగో వరసలో ఫకీరప్ప అని, తల్లి అలివేలమ్మ అని ఉన్నది. తమరు చూడవచ్చును.

మరి ఒక మనవి. తేది 24-7-2008.

అయ్యా, పైన రాసినది పోస్టులో వేయలేదు. శ్రీవాణికి చూపిద్దామని ఈ పొద్దు పొద్దున్నే సంచిలో పెట్టుకొని బయలుదేరినాను. గడప దాటితే ఎదురుగా పీరమ్మ పరుపు కుడుతూ కూర్చోనుంది. గడువు ఇంక రెండు దినాలే. బస్సు వచ్చే వేళైంది. నా కాళ్ళు అటు పోయినాయి.

"పీరమ్మా, నీ పేరు కావల్ల నాకు."

"నా పేరు నీకెందుకే? నీకు లేదా పేరు?"

"నాది సెల్లలేదు. ఫకీరు పెట్టె తెరవాల. తల్లి పేరు అడుగుతాండాది."

సూది పరుపులో అట్లే గుచ్చి లేచింది. చేతులకు దూది కూడా దులుపుకోలేదు. బస్సులో ఒకే సీటులో కూర్చున్నాము. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.

శ్రీవాణి పీరమ్మ పేరు కొట్టింది. తెరుచుకున్నది. నాకు ఏమీ కాలేదు. గుండె ఆగిపోతుందనుకున్నాను, ఆగలేదు.

గొంతు పెట్టింది. నా అరుపు వచ్చింది. వాని మాట వచ్చింది. నేను తల ఎత్తలేదు. పీరమ్మ ఏమంటుందో అని కూర్చున్నాను.

"ఇంగోసారి పెట్టు పాపా," అన్నది. మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి నా వైపు తిరిగింది.

"నన్ను ఎన్నడూ ఇసుక్కోలేదే వాడు."

"ఏంది?"

"ఇరవై నాలుగేండ్లు. అమ్మా, తిన్నావా. అమ్మా, బాగుండావా. సుట్టపామెను అడిగినట్ల అడిగేవాడు. ఒక్క పొద్దన్నా 'ఉండమ్మా, వస్తాండానంటి కదా' అని నా మింద ఎగిరినాడా? నీ మింద ఎగిరినాడు. కన్నదాని మిందనే గదా ఎగిరేది." కళ్ళు తుడుచుకొని ఇంకా అన్నది. "ఎంత ఏడుపొస్తాండాదో నాకు. నీకేమే, నువ్వు అదృష్టవంతురాలివి."

ఆమెకు నా మీద కుళ్ళు పుట్టింది అయ్యా. నా కళ్ళతో చూసినాను.

కట్టడి సంగతి నేనే ఎత్తినాను. అమ్మా అన్న నెలకే పోయినాడని చెప్పినాను. పీరమ్మ నా చెయ్యి పట్టుకొని గట్టిగా అదిమింది. "లారీవోడు తాగి తోలినాడే. వానికి మీ అత్త కట్టడి యాడ తెలుసు?" అన్నది. ఆ చేతి దూది నా చేతికి అంటింది.

కొత్త రహస్యం మాట పెట్టమని పెట్టె అడిగింది. మేమిద్దరం ఒకరి చెవిలో ఒకరు చెప్పుకొని ఒకటి పెట్టినాము. అది తమకు కూడా చెప్పము. తర్వాత కంప్యూటరు "గుర్తు పెట్టుకోనా?" అని అడిగింది. ఏమి నొక్కమంటారని శ్రీవాణి అడిగితే వద్దు అని నొక్కమన్నాను. తమ మనుషులు మళ్ళీ జీపులో వచ్చినా మాకు భయం లేదు. ఇద్దరం ఉన్నాము, ఒకరు మరిచిపోతే ఒకరం. శ్రీవాణి టీ ఇచ్చింది. తాగినాను.

కావున పైన (అ), (ఆ), (ఇ) మూడూ కొట్టివేయవలెను. బదులుగా, ఆ కంప్యూటరు ముందర కుర్చీ ఒక్కటే ఉన్నది. ఈ పొద్దు ఇద్దరం దాంట్లోనే ఇరుక్కొని కూర్చున్నాము. పీరమ్మ లావు మనిషి. వచ్చే బేస్తవారం లోపల ఇంకొక కుర్చీ ఇప్పించగలరు. స్పీకరు వైపు ఉండే కుర్చీ నాది.

అ.